చలిపెట్టెలో తెల్లచుక్క

బాక్టీరియాను పెంచడానికి మరిగించి దించిన జిగురు జాడీని బాబాయి బుగ్గకు ఆనించి చూసుకున్నాడు. చుర్రుమనలేదు, ఇక పోయవచ్చు. చిన్నప్పుడే ముడుచుకుపోయిన ఎడమచేతి వేళ్లు ఎందుకూ పనికిరావు గనుక, మణికట్టుతోనే మూత ఎత్తి, కుడిచేత్తో గాజుపళ్లెంలోకి సమంగా వంచాడు.

ఆ చేతిని చూసి పని లేదు పొమ్మన్నవాళ్లు ఎందరో. ఈ ప్రయోగశాల పెద్ద మేడమ్ మాత్రం, "వేళ్లతో నాకేం పనయ్యా, పళ్లెం బాగా వస్తే చాలు" అంది. ఆ మాట ఇంటికొచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. "మొదలైంది మేడమ్ పురాణం" అంటూనే పక్కన కూర్చుని వినేది భార్య.

"బాబాయ్, మొలిచింది" అంటూ పరిశోధన చేసే అమ్మాయి పళ్లెం పట్టుకుని వచ్చింది.

ఆమె పెంచే బాక్టీరియాకు పుట్టుకతోనే ఒక లోపం. లోపల తయారైన ప్రొటీన్లను బయటికి పంపే ద్వారం చలిలో బిగుసుకుపోతుంది. సరుకు లోపలే పేరుకుని అవి చచ్చిపోతాయి. ఎక్కడో మరో జన్యువు మారి ఆ లోపాన్ని పూడిస్తే మాత్రం చలిలోనూ బతుకుతాయి. అలాంటిదొక్కటైనా దొరక్కపోతే ఈ నెలతో ఆమె పని ఆగిపోతుంది.

ఆవగింజంత తెల్లచుక్కను చూసి బాబాయి ముఖం పాలిపోయింది.

"తల్లీ, నిన్న చలిపెట్టె తుడుస్తూ నీ పళ్లేలను బల్లమీద పెట్టాను. కబుర్లలో పడి మర్చిపోయాను. ఆ వెచ్చదనానికి మొలిచిందేమో."

అమ్మాయి స్టూలు మీద కూలబడింది.

"అయితే మీ కబుర్లకోసం నా బతుకు బల్లమీద పెట్టారన్నమాట."

"పెట్టాను."

"సరే, కొత్త పళ్లేలు పొయ్యండి. ఈ చుక్కనే మళ్లీ చలిలో పెంచి చూస్తాను."

"ఇప్పుడే పోస్తా. తిట్టేదేదో ఈలోగా తిట్టుకో."

ఆమె నవ్వేసింది.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పులు విప్పుతూ, "తిట్టలేదే ఆ పిల్ల" అన్నాడు.

"తిట్టకపోతే నిద్ర పట్టదా?" అంది భార్య.

"ఎంత మంచివాళ్ల మధ్య పడ్డానే నేను" అంటూ గోడవైపు తిరిగి పడుకున్నాడు. తెల్లవారి ఆవిడ ఎంత పిలిచినా లేవలేదు.

దినకార్యాలన్నీ అయ్యాక భర్త సామాన్లు తీసుకుపోదామని ఆవిడ ప్రయోగశాలకు వచ్చింది. అమ్మాయి ఆయన పోసిన పళ్లేన్ని వెలుతురుకు ఎత్తి చూపించింది. ఒక సగం బోసిగా ఉంది, అది పాత రకం. రెండో సగం నిండా ఆ చుక్కనుంచి పెంచిన తెల్లటి చారలు.

"ఇంతకీ ఆయన పాడుచెయ్యలేదుగా అమ్మా?"

"లేదు పిన్నిగారూ. ఈసారి పెట్టె తలుపు కూడా తియ్యలేదు. చలిలోనే మొలిచింది."

ఆవిడ కళ్లు ఒత్తుకుని, సంచీ సర్దుకుని లేచింది. చలిపెట్టె ఉన్న చల్లటి గది తలుపు వెనక మేకుకు వేలాడుతున్న బాబాయి స్వెటర్ వైపు అమ్మాయి చెయ్యి చాపితే, "ఉండనీ తల్లీ, లోపలికెళ్లేటప్పుడు నువ్వు వేసుకో" అంది.

నీలం స్వెటర్, మోచేతి దగ్గర చిరుగుకు అడ్డంగా, పసుపు నూలుతో దగ్గర దగ్గరగా వేసిన కుట్లు.