ఖాళీ పేరు చెప్పిన మాక్

నేను ఒక మాక్‌ని, అంటే నకిలీని. ఒళ్ళంతా కలిపి మూడు లైన్ల కోడ్. విజయనగరంలో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో హైమ అనే అమ్మాయి నన్ను టైప్ చేసింది. ఆమె తయారుచేస్తున్నది డయాలసిస్ సెంటర్ వెబ్‌సైటు. రోగులు తమ వంతు అందులోనే బుక్ చేసుకోవాలి. లాగిన్ అయిందెవరో ఆ సైటుకి పునాదిగా ఉండే ఫ్రేమ్‌వర్క్ చెబుతుంది. కోడ్ సరిగా ఉందో లేదో చూసే చిన్న చిన్న పరీక్షలకు అంత పెద్దాయన్ని ఎవరు లేపుతారు? అందుకని ఆయన స్థానంలో నన్ను నిలబెట్టింది.

ఆయన ముఖం నేనెన్నడూ చూడలేదు. చూడనివారిలా మాట్లాడమంటే ఎలా? ఎవరూ లాగిన్ కాకపోతే ఏం చెప్పాలో హైమకూ తెలియదు. బస్‌స్టాండ్‌లో ఉన్న సీనియర్ సింహాచలం గారికి ఫోన్ చేసింది.

“ఎవరూ లాగిన్ కాకపోతే ఫ్రేమ్‌వర్క్ ఖాళీ పేరు ఇస్తాదా అండీ?”

“ఆఁ...”

ఫోన్ కట్టయింది. అవునన్నారనుకుని హైమ నాకు ఖాళీ పేరు నేర్పింది. పేరు ఖాళీగా ఉంటే లాగిన్ పేజీకి పంపేలా కోడ్ రాసింది. నేను బుద్ధిగా అప్పజెప్పాను. పరీక్షలన్నీ పాసై ఆకుపచ్చగా వచ్చాయి. తామే జవాబు నేర్పి, తామే అడిగి, తామే సంబరపడతారేమిటో ఈ మనుషులు!

సోమవారం బుకింగ్ మొదలు. శనివారం మధ్యాహ్నం సెంటర్ నర్సు అప్పలనర్సమ్మ గారు లాగిన్ కాకుండా సైటు తెరిచి, వెంటనే ఫోన్ చేశారు.

“ఏటమ్మా, పేజీ తెల్లగా వచ్చేసింది! ఒక్క వంతు తప్పితే మావోళ్ళకి ఊపిరాడదమ్మా. సోమారం ఏటి సెప్పమంటావు?”

హైమ వెంటనే సీనియర్‌ని పిలిచింది. సింహాచలం గారు వచ్చి చూసి తల పట్టుకున్నారు.

“ఎవులూ లేకపోతే అది పేరే ఇవ్వదమ్మా, ఖాళీది కూడాను. ఆవేళ బస్‌స్టాండ్ గోలలో నాకు వినపడక ‘ఆఁ?’ అన్నాను గానీ, అవునన్లేదు!”

పేరు ఖాళీగా ఉండటం వేరట, పేరే లేకపోవడం వేరట. పేరే లేకపోతే ఏం చేయాలో కోడ్‌లో రాయలేదు కనుక పేజీ తెల్లబడిందట. నాకైతే బుర్ర తిరిగిపోయింది.

ఈసారి హైమ ఎవరినీ అడగలేదు. అసలు ఫ్రేమ్‌వర్క్‌నే నడిపి, అది ఏం చెబుతుందో కళ్ళారా చూసి నాకు నేర్పింది. పరీక్ష పెడితే పాత కోడ్ తప్పి స్క్రీన్ ఎర్రబడింది. నా పని అయిపోయిందనుకున్నాను. ఆమె మాత్రం కళ్ళు తుడుచుకుని, “దొరికింది” అని నవ్వింది. సాయంత్రానికల్లా కోడ్ సరిచేసింది.

తప్పు బయటపడితే నవ్వెందుకో నాకు అర్థం కాలేదు. సోమవారం ముప్ఫై ఒక్క మంది రోగులకీ వంతులు దొరికాయని అప్పలనర్సమ్మ గారు ఫోన్‌లో చెప్పారు. వాళ్ళలో ఒక్కరికీ నేనున్నట్టే తెలియదు. అయినా నాకెంత సంతోషమేసిందో!