మూడో మెట్టు

పొట్టు పొయ్యి నడిమధ్య ఖాళీ సీసా నిలబెట్టి, దాని చుట్టూ రంపపుపొట్టు పోసి అరచేత్తో దట్టిస్తోంది కామాక్షి. వదులుగా దట్టిస్తే పొయ్యి మధ్యలోనే కూలిపోతుంది. మరీ బిగిస్తే అంటుకోదు. ఆ ఇంట్లో రోజూ నీళ్ళు కాగేది ఆ పొట్టు మీదే. ఎప్పుడూ పసుపుపచ్చటి పనస పొట్టే ఉండేది. ఈమధ్య అందులో లేత రంగు మామిడి పొట్టు కూడా కలుస్తోంది.

పెరట్లో తండ్రి వీరభద్రాచారి పళ్ళు తోముకుంటూ కూనిరాగం తీస్తున్నాడు. ఆ రాగం వినిపించి ఏడాది దాటింది. వినగానే సంతోషించాల్సింది పోయి కామాక్షి తల వంచుకుని ఇంకో గుప్పెడు పొట్టు పోసింది.

"ఏమే, ఇంకా ఎంతసేపు దట్టిస్తావు? మీ నాన్న స్నానం మధ్యాహ్నానికా?" అని వంటింట్లోంచి తల్లి సుగుణమ్మ కేకేసింది.

కామాక్షి సీసాను మెల్లగా తిప్పుతూ పైకి లాగింది. గుంట కూలకుండా నిలిచింది. ఇంట్లో మరొకటి కూలకుండా ఎలా నిలబెట్టాలో మాత్రం ఆమెకు తోచడం లేదు.

వాళ్ళది వీణలు చేసే ఇల్లు. వీణకు మెట్లు అమర్చడాన్ని మేళం కట్టడం అంటారు. వీణ మెడ లాంటి దండి పొడుగునా నల్లటి మైనం పెట్టి, అందులో ఇత్తడి మెట్లు గుచ్చి, తీగ మీటి వింటూ ఒక్కో మెట్టునూ వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతూ, స్వరం పలికిన చోట నిలపాలి. అక్కడ కొలబద్దకు పని లేదు. చెవే కొలబద్ద. వీరభద్రాచారి మేళం కట్టాడంటే ఇక ఎవరూ వేలు పెట్టనక్కర్లేదని పేరు. అలాంటిది, నిరుడు వేసవిలో ఆయన కట్టిన వీణ ఒకటి స్వరాలు సరిగా పలకడం లేదంటూ తిరిగొచ్చింది. దారిలో ఎండకి మైనం కరిగి మెట్లు జారి ఉంటాయని అందరూ అన్నారు. ఆయన మాత్రం వినలేదు.

"నా చెవి పోయింది," అని ఒక్క మాట అని, మైనం గిన్నె తీసి అటక మీద పెట్టేశాడు. అప్పట్నుంచీ చెక్కపని వరకు తను చేసి, మేళానికి వీణను పక్కవీధి మురళీకృష్ణ ఇంటికి పంపిస్తున్నాడు. మొన్న కూడా ఒకటి పంపాడు.

అలాంటి వీణల ఇంట్లోకి గిటారు పని వచ్చింది జయకర్ వల్ల. అతను విస్సన్నపేట రూటులో ఆటో నడుపుతాడు, ఆదివారం చర్చిలో గిటారు వాయిస్తాడు. రెండేళ్ళ కిందటి గాలివానకు వాళ్ళమ్మ రిబ్కమ్మ పెరట్లో పెద్దరసం మామిడి చెట్టు పడిపోతే, దాని మొద్దును ఆటోలో వేసుకొచ్చి వీధరుగు మీద దింపాడు.

"బాబాయ్ గారూ, నన్ను ఉయ్యాలేసి ఊపిన చెట్టండీ ఇది. పొయ్యిలోకి పోనివ్వలేను. దీన్ని గిటారు చేసిపెట్టండి. కరెంటు గిటారు."

"నాకు వీణలే వచ్చయ్యా," అన్నాడు ఆచారి.

"నేను చేస్తాను," అంది కామాక్షి. ఆమె నలుగురిలో నోరు విప్పేదే తక్కువ కాబట్టి ఇద్దరూ తిరిగి చూశారు.

చెక్క నీడన ఆరేదాకా ఆగింది. మామిడి పలకతో ఒళ్ళు చేసింది, తండ్రి దాచిన పనస ముక్కతో మెడ చేసింది. ఫోనులో చూసి, తీగెల కదలికను పట్టే తీగచుట్టలు, వైర్లు తెప్పించి టంకం పెట్టింది. స్పిరిట్‌లో కరిగించిన లక్కను గుడ్డ ఉండతో రుద్ది, ఆరబెట్టి, మళ్ళీ రుద్ది, మామిడి చెక్కలోని గోధుమరంగు చారలు నీళ్ళలోంచి చూస్తున్నట్టు తేలేదాకా పాలిష్ పెట్టింది. మెడ మీద అతికించే పలుచని పట్టీ పైన, మెట్లు ఎక్కడెక్కడ రావాలో లెక్క ప్రకారం పెన్సిలుతో గీతలు గీసి ఉంచింది. అంతలో పిన్ని కూతురి సీమంతానికని బాపులపాడు వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి పట్టీ మెడకు అతికి, దానిలో మెట్లు దిగిపోయి ఉన్నాయి.

"నీ గీతలు తప్పమ్మాయ్," అన్నాడు ఆచారి. తలకు నూనె రాసుకుని, చిన్నపిల్లాడిలా వెలిగిపోతున్నాడు. "ఒక తీగ కట్టి మీటి చూస్తే చాలావరకు స్వరం మీద లేవు. అటక మీంచి మైనం దింపి, మేళం కట్టి చూసుకుని, అప్పుడు రంపంతో కోసి దిగగొట్టాను. ఇది తిరిగొచ్చేది కాదులే."

ఏడాది తర్వాత ఆయన చెవిని నమ్ముకున్నాడు. ఆమె గీతకూ ఆయన మెట్టుకూ మధ్య కొన్నిచోట్ల బియ్యపు గింజంత తేడా ఉంది. ఆ ముఖం చూశాక ఆమె తన లెక్కల కాగితం మడిచి పెట్టేసింది. ఏమో, పలుకుతుందేమో అనుకుంది. నిన్న సాయంత్రం తీగెలు కట్టి వాయించాక తెలిసింది, పలకదని.

నీళ్ళు కాగుతుండగా ఫోను మోగింది.

"చెల్లెమ్మా, సాయంత్రం వచ్చేస్తున్నా. మా అమ్మ గిటారుకి దండ కూడా కట్టించింది. అమ్మా, అది గిటారే, పెళ్ళికూతురు కాదే అంటే వింటేనా! పాస్టరు గారు కూడా అడిగారు, ఎన్నింటికి..."

"ఎల్లుండి రా అన్నా."

"ఏం, పాలిష్ ఆరలేదా? మొన్నటి ముసురుకి మా ఇంట్లో అప్పడాలు కూడా..."

"కొంచెం పని మిగిలింది," అని పెట్టేసింది.

స్నానం చేసి వచ్చిన ఆచారి తువ్వాలు భుజాన వేసుకుని ఆమె ఎదురుగా పీట మీద కూర్చున్నాడు. "ఏదీ, తీగెలు కట్టావుగా. వినిపించు."

జయకర్ నేర్పిన కార్డులు, అంటే తీగెలన్నీ ఒకేసారి మోగించే స్వరాల గుత్తులు, ఆమెకు నాలుగైదు వచ్చు. ముందు ఈ-మేజర్ వాయించింది. చక్కగా మోగింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"చూశావా! ఇంకోటి."

రెండోది కూడా బాగుండేదే వాయించింది. ఆయన తల ఊపి మళ్ళీ "ఇంకోటి" అన్నాడు.

కామాక్షి చెయ్యి ఆగింది. బాగా పలికేవి మాత్రమే వాయించి ఊరుకోవచ్చు. అప్పుడు జయకర్ చర్చిలో నలుగురి ముందూ వాయిస్తాడు, పాట మధ్యలో తెలుస్తుంది, మర్నాడు గిటారు ఈ గడప ముందుకు తిరిగొస్తుంది. రెండోసారి. అది వీధిలోంచి రావడం కంటే తన చేతిలోంచి రావడమే నయం అనిపించింది.

జీ-మేజర్ వాయించింది.

ఆచారి కళ్ళు తెరిచాడు. "మళ్ళీ." వాయించింది. "తీగ దిగిందేమో చూడు." చూసి, బిగించి, మళ్ళీ వాయించింది. పులిసిన మజ్జిగలాంటి చప్పుడు.

ఆయన పీట మీంచి లేచి స్తంభం దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు. "నేను చెప్పలా? పోయిందంటే మీరు వినలేదు."

సుగుణమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"నాన్నా, ఇలా రా," అంది కామాక్షి. "రా నాన్నా. ఒక్క తీగ మీద వరసగా నొక్కు. ఏదో ఒకటి."

ఆయన అయిష్టంగానే వచ్చి కూర్చున్నాడు. వీణ పట్టినట్టు గిటారును ఒళ్ళో పెట్టుకుని, ఒక తీగ మీద ఒక్కో మెట్టూ నొక్కుతూ మీటాడు. ఒక్క స్వరం తప్పలేదు. ఇంకో తీగ చూశాడు. అక్కడా తప్పలేదు.

"అన్నీ ఉన్నాయే!"

"ఉన్నాయి. నీ చెవి ఎక్కడ తప్పింది? ఇప్పుడు లావు తీగ మీద మూడో మెట్టు నొక్కి మీటు. తర్వాత ఏమీ నొక్కకుండా సన్న తీగ వైపునుంచి మూడో తీగ. రెండూ ఒకే స్వరం కావాలి. ఒకటి కింది స్థాయి, ఒకటి పై స్థాయి."

ఆయన మీటాడు. రెండూ పక్కపక్కన కూర్చుని పోట్లాడుకుంటున్నట్టున్నాయి. మళ్ళీ మీటాడు. మరో తీగ మీద మూడో మెట్టు నొక్కి, దాని జతను వెతికి మీటాడు. అక్కడా అదే తగువు. చాలాసేపు అలా మీటుతూ కూర్చుని, చివరికి గిటారు మీద చెయ్యి ఆన్చి నవ్వడం మొదలుపెట్టాడు. 

"వీణ మీద ఒక తీగకి న్యాయం చేస్తే చాలే. ఇది ఆరుగురు తోడికోడళ్ళ కొంప. ఆరుగురూ ఒకేసారి మాట్లాడతారు. ఒక్క మెట్టు అందరికీ సరిపోవాలి."

"అందుకే ఆ గీతలు నాన్నా. ఎవరికీ పూర్తిగా నచ్చవు. ఎవరికీ తగువు ఉండదు."

"మా అత్తగారు కూడా అలాగే వడ్డించేది," అని సుగుణమ్మ గరిటెతో లోపలికి వెళ్ళిపోయింది.

ఆచారి కూతురి వైపు చూశాడు. "నిన్ననే తెలిసిందిగా నీకు. చెప్పవేంటి?"

"నువ్వు పాడుకుంటున్నావు."

ఆయన గిటారు ఎత్తి మెడను వెలుతురులోకి తిప్పాడు. "ఈ పట్టీ ఊడదీయాలి. దండి చీలిందంటే మళ్ళీ ఇంతటి పనస ముక్క లేదు. ఇస్త్రీ పెట్టె పట్రా."

"ఇస్త్రీ పెట్టెతోనా! చెక్కకి ఇస్త్రీ చేస్తే రేపు నా చీరలకి రంపం పడతారా?" అని లోపల్నుంచి సుగుణమ్మ అంటూనే పెట్టె తెచ్చిచ్చింది.

పటకారుతో మెట్లు ఒక్కొక్కటే లాగేశారు. పాలిష్‌కు వేడి తగలకుండా గిటారు ఒంటి చుట్టూ తడిగుడ్డ చుట్టారు. కామాక్షి పట్టీ మీద ఇస్త్రీ పెట్టె ఆన్చి పట్టుకుంటే, జిగురు మెత్తబడ్డ చోటల్లా ఆచారి పలుచని కత్తిని లోపలికి జరుపుతున్నాడు. పెట్టె జరగడం, కత్తి జరగడం. సగం దాటాక "టప్" మని చప్పుడైంది. ఇద్దరి చేతులూ ఆగిపోయాయి. ఎవరూ వంగి చూడలేదు.

"కానియ్," అన్నాడు ఆయన.

పట్టీ చివరిదాకా లేచి, ఎండకు పెట్టిన అప్పడంలా వంగి చేతిలోకి వచ్చింది. ఆచారి ముందు చెంబుడు మంచినీళ్ళు తాగాడు. ఆ తర్వాత మెడ మీద బొటనవేలితో పైనుంచి కిందికి రాశాడు. చీలిక లేదు. చప్పుడు చేసింది జిగురే. కామాక్షి ఇస్త్రీ పెట్టె స్విచ్ ఆపి, గోడకు చేరగిలబడి కూర్చుండిపోయింది.

కొత్త పట్టీకి ఆయన అటక మీంచి నల్లటి రోజ్‌వుడ్ ముక్క దింపాడు. ఈసారి గీతలు ఆమెవి, సుత్తి ఆయనది. పని మొదలుపెట్టే ముందు రెండు చెవుల్లోనూ దూది పెట్టుకున్నాడు.

"అదేంటండీ?" అంది సుగుణమ్మ.

"గట్టిగా చెప్పు, వినపడదు. నా చెవులు ఊరుకోవు. మెట్టు జరపమంటాయి."

మర్నాడంతా ఆ దూదితోనే గడిపాడు. భోజనానికి పిలవాలంటే సుగుణమ్మ వచ్చి భుజం తట్టాల్సి వచ్చింది. వేడికి మసకబారిన అంచుల మీద కామాక్షి మళ్ళీ లక్క రుద్దింది. ఆ మర్నాడు తీగెలు కట్టాక ఆయన దూది తీసి, పీట లాక్కుని కూర్చుని, ఒక తీగ మీద మెట్లన్నీ నొక్కుకుంటూ వెళ్ళాడు.

"మూడోది నా దానికంటే కిందకి దిగింది. నాలుగోది పైకి పోయింది. ఏడోది ఎక్కడిదక్కడే ఉంది."

కామాక్షి పాత పట్టీని తెచ్చి కొత్త మెట్ల పక్కన ఆన్చింది. మూడో మెట్టు కంటే పాత గాడి ఇవతలికి ఉంది. నాలుగో దగ్గర అవతలికి ఉంది. ఏడో దగ్గర రెండూ కలిసిపోయాయి. ఆయన ఒంగి చూశాడు. వేలితో తడిమి మళ్ళీ చూశాడు. పట్టీని ఆమె చేతిలోంచి తీసుకుని మొలలో దోపుకున్నాడు.

అన్నట్టుగానే జయకర్ ఆ సాయంత్రం వచ్చాడు. ఒక చేతిలో స్పీకరు డబ్బా, ఇంకో చేతిలో చామంతి దండ.

"దండ వెయ్యకుండా తెస్తే ఇంట్లోకి రానివ్వనంది మా అమ్మ. ప్లగ్గెక్కడ చెల్లెమ్మా? అబ్బ, ఏం రంగిది! మా చెట్టేనా? లోపల ఇంత అందం పెట్టుకుని పైకి ఆ గరుకు బెరడేంటి బాబాయ్ గారూ..."

వైరు గుచ్చి, మొదటి దెబ్బే జీ-మేజర్ వేశాడు. కామాక్షి తండ్రి వైపు చూసింది. తండ్రి తీగెల వైపు చూస్తున్నాడు. ఆరు తీగెలూ కలిసి ఒక్క గొంతుతో మోగి, గదిలో నిలిచి, మెల్లగా సద్దుమణిగాయి. జయకర్ ఆ కార్డులోంచి ఇంకోదానికి, అందులోంచి మరోదానికి వెళ్ళాడు. ఎక్కడా పులుపు లేదు.

"మెట్లు ఎవరు కట్టారండీ?"

"అమ్మాయి గీసింది, నేను కొట్టాను. చెవులు మూసుకుని కొట్టాను," అన్నాడు ఆచారి.

"మూసుకుని కొడితేనే ఇలా ఉంటే, తెరుచుకుని కొడితే ఎలా ఉండేదో!"

ఇంట్లోవాళ్ళు ముగ్గురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని పగలబడి నవ్వారు. ఎందుకో అర్థంకాక జయకర్ కూడా నవ్వాడు. గిటారును ఆటోలో తెచ్చిన వాళ్ళమ్మ పాత చీరలో చుట్టి, దండతో సహా ఆటో వెనక సీట్లో పడుకోబెట్టాడు. ఇంజను మోతలో కూడా అతని మాటలు వీధి చివరిదాకా వినిపిస్తూనే ఉన్నాయి.

"అన్నం వడ్డిస్తున్నా, కూర్చోండి," అంది సుగుణమ్మ.

ఆచారి కూర్చోలేదు. చొక్కా వేసుకున్నాడు. అరుగు చివర పెట్టి ఉన్న మైనం గిన్నె తీసి, దుమ్ము ఊది, లోపలికి తెచ్చి పొయ్యి పక్కన పెట్టాడు. ఉదయం దట్టించిన పొట్టు ఇంకా లోపల ఎర్రగా రగులుతోంది.

"ఎక్కడికండీ ఈ వేళప్పుడు? అన్నం చల్లారిపోతుంది."

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుని, గడప దాటి, మొన్న మేళానికి వీణను పంపిన మురళీకృష్ణ ఇంటి వైపు తిరిగాడు.