స్టెప్నీలో గాలి

కుసుమకుమారి కారులో ఆ పసుపుపచ్చ లైటు వెలగడం మొదలై ఆరు నెలలైంది. టైర్లలో గాలి తక్కువుందని దాని గోల. మొదట్లో ఎండెక్కితే ఆరిపోయేది, మర్నాడు పొద్దున్నే మళ్ళీ వెలిగేది. తరవాత ఆరడమే మానేసింది. అమీర్‌పేట నుంచి పంజగుట్ట దాకా ఏ పెట్రోలు బంకునీ వదలకుండా ఆమె గాలి కొట్టించింది. కొట్టేవాడు నాలుగు చక్రాలూ చూసి "సరిపోయింది మేడమ్" అనేవాడు. ఆమె సరేనని వచ్చేసేది. ఆమె ముందు ఆ లైటు వెలగడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఆమెకి ఏదీ పట్టడం లేదు. భర్త వీర్రాజు కిందటి ఫిబ్రవరిలో పోయాడు. కాఫీ తాగి, పేపరు మడిచిపెట్టి, కుర్చీలోనే తల వాల్చేశాడు. చెట్టంత మనిషి పోతే కంట చుక్క నీరు రాలేదేమిటని పదోరోజుకి వచ్చిన ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. ఒకరి ఏడుపు కొలవడానికి మహా ముందుంటారు మనవాళ్ళు. ఏడుపు కోసం కుసుమకుమారీ ఎదురుచూసింది. రాలేదు. ముప్ఫై నాలుగేళ్ళు కాపురం చేసిన మనిషి మీద తనకసలు ప్రేమే లేదేమోనని భయపడింది. రానురాను ఆ భయం కూడా మొద్దుబారింది. వండుకుంటోంది, తింటోంది, ఆఫీసుకెళ్ళి వస్తోంది.

కారు అమ్మేద్దామన్నది తమ్ముడు కేదార్.

"తొమ్మిదేళ్ళ బండి అక్కా. బావగారి సంవత్సరీకం లోపు వదిలించుకుందాం."

"నీ ఇష్టం," అంది. ఈ పదకొండు నెలల్లో ఆమె ఎక్కువసార్లు అన్న మాట అదే.

శనివారం నాలుగింటికి కొనేవాళ్ళు బేగంపేట నుంచి ఇంటికి వస్తామన్నారు. లైటు వెలిగే కారు చూపిస్తే బేరం చెడుతుంది. అందుకని మధ్యాహ్నం పంజగుట్ట సందులో ఐలయ్య టైర్ల షాపుకి వెళ్ళమన్నాడు కేదార్. ఉన్న గాలి తీసేసి అన్నిట్లోనూ నైట్రోజన్ పట్టమని ఐలయ్యకి తనే ఫోన్‌లో చెప్పాడు.

ఐలయ్య అరవై దాటిన మనిషి. నాలుగు టైర్లూ నీళ్ళు పోసి తడిమాడు, బుడగ రాలేదు. నాలుగింట్లోనూ పాత గాలి వదిలేసి నైట్రోజన్ పట్టాడు. కాస్త దూరం నడిపి చూశారు. లైటు అలాగే ఉంది.

"స్టెప్నీ ఎవరన్న చూసిన్రా అమ్మా?"

"అది డిక్కీలో ఉంటుంది కదండీ. వాడనే లేదు."

"వాడకపోతేనేం? గీ బండ్లల్ల దానికి సుత సెన్సార్ ఉంటది. మీరేమో నాలుగే లెక్కవెడుతున్రు, బండి అయిదు లెక్కవెడుతుంది. జర డిక్కీ తెరువున్రి."

డిక్కీ తెరిచి చాప పైకెత్తాడు. మీటరు పెట్టి చూసి నవ్వాడు. "దొరికింది దొంగ. ఇరవయ్యే ఉంది." అంటూనే గాలి పోయే చోట చిన్న పిన్ను తిప్పి ఊడదీశాడు. గాలి బుస్సుమంది.

కుసుమకుమారి ఊరికే అటు చూసింది. టైరు పక్కన సుద్దముక్కతో రాసిన అక్షరాలున్నాయి. 'ఫిబ్రవరి 8. ముప్ఫైమూడు.' వీర్రాజు చేతిరాత. ఆర్టీసీ డిపోలో టైర్ల సెక్షన్లో చేసి రిటైరైన మనిషి. గాలి పట్టినప్పుడల్లా తేదీ, ఎంత పట్టిందీ టైరు మీదే రాయడం అక్కడి అలవాటు. ఇంట్లో కూడా నెలకో శనివారం కాలి పంపుతో గాలి కొట్టి అలాగే రాసేవాడు. రోడ్డెక్కిన నాలుగింటి మీదా రాత ఎప్పుడో చెరిగిపోయింది. ఇది రోడ్డెక్కలేదు.

ఎనిమిదో తారీకు. పోవడానికి మూడు రోజుల ముందు.

అంటే ఈ పోతున్నది ఆయన కొట్టిన గాలి.

"ఆపండి!" అని అరిచింది. ఆ అరుపుకి పక్క షాపువాళ్ళు తొంగిచూశారు. ఐలయ్య ఉలిక్కిపడి బొటనవేలితో అడ్డుపెట్టాడు.

"ఏమైందమ్మా? పాత గాలి తియ్యాలె గద, తమ్ముడు జెప్పిండు."

"తియ్యొద్దు. బిగించెయ్యండి. ఎంతుందో చూడండి."

పిన్ను బిగించి, మీటరు పెట్టి, "తొమ్మిది," అన్నాడు. "గిట్ల ఉంచితే లైటు పోదమ్మా."

అప్పుడే కేదార్ ఫోన్. "అక్కా, అయిందా? వాళ్ళు ముందే వచ్చేశారు, కింద నిలబడ్డారు."

"తొమ్మిది మిగిలిందిరా," అంది.

"ఏంటి?"

"గాలి. మీ బావ కొట్టింది. చూసుకోకుండా పోనిచ్చానురా, తొమ్మిదే మిగిలింది." ఆయన మీద బెంగ ఒక్కసారిగా తన్నుకొచ్చింది. డిక్కీ అంచు పట్టుకుని, నడిరోడ్డు మీద, ఎవరు చూస్తున్నారన్నది లేకుండా భోరుమంది.

ఐలయ్య పాతికేళ్ళుగా టైర్లు చూస్తున్నాడు గాని గాలి కోసం ఏడ్చిన మనిషిని చూడలేదు. సుద్ద రాతని చూశాడు, ఆమెని చూశాడు. చేతులు తుడుచుకుని, ఆ అక్షరాలకి తగలకుండా చాప మెల్లగా కప్పాడు.

ఫోన్‌లో కేదార్ "అక్కా, వాళ్ళకేం చెప్పను?" అంటున్నాడు.

"వెళ్ళిపొమ్మను," అంది కుసుమకుమారి.