తాడు ఆటకు రెండు మార్కులు

నేను వీడియో గేముల షాపు నడిపాను గాని నా జన్మలో ఒక్క ఆటా ఆడి ఎరగను. ఈ మాట చెబితే అందరూ నవ్వేవాళ్లు. మిఠాయి కొట్టువాడు మిఠాయి తింటాడా అని ఎదురు దబాయించేవాణ్ని. అసలు సంగతి, ఆ రిమోట్ చేతిలోకి తీసుకుంటే ఏ వేలు ఎక్కడ పెట్టాలో నాకు అంతుపట్టేది కాదు. స్టోర్‌కీపర్‌గా చేసిన ఫ్యాక్టరీ మూతబడ్డాక, రెండువేల మూడులో సుచిత్ర చౌరస్తా దగ్గర మేడమీద గది తీసుకుని నాలుగు టీవీలు, నాలుగు గేము డబ్బాలు, ఒక ఏసీ పెట్టాను. రాజారావు గారికి ఈ వయసులో ఇదేం పోయేకాలం అని మా కాలనీ వాళ్లు నా భార్యతోనే అన్నారు.

డిస్కులు సికింద్రాబాద్ నుంచి తెచ్చేవాణ్ని. అట్టమీద బొమ్మ చూసి కొంటే పదింట్లో ఆరు చెత్తే తేలేవి. ఆ చిక్కు తీర్చినవాడు అన్వేష్.

వాడి ఊరు అత్వెల్లి. తండ్రి యాదగిరి పెద్ద రైతు. మేడ్చల్ రోడ్డు పక్క భూములకు రెక్కలొచ్చాక నాగలి పక్కన పెట్టి ప్లాట్ల బేరాల్లోకి దిగాడు. కొడుకు డిగ్రీ రెండో సంవత్సరం. మధ్యాహ్నం కాలేజీ అవగానే తిన్నగా నా షాపుకు వచ్చేవాడు. కొత్త డిస్కు ఏదొచ్చినా ముందు వాడే ఆడాలి. ఆడి, అట్ట వెనక కాగితం అంటించి, తారీఖు వేసి, తన అభిప్రాయమూ పదికి మార్కులూ రాయాలి. అది మా షాపు పద్ధతి. ఆ కాగితం చదవకుండా ఏ కుర్రాడూ డిస్కు ముట్టేవాడు కాదు.

వాడి రాతలో మొహమాటం ఉండేది కాదు. క్రికెట్ ఆట మీద, "బ్యాటింగ్ బంగారం, ఫీల్డింగ్ గలీజు. బాల్ కాళ్లకాడికొచ్చినా వంగడు. ఆరు" అని రాశాడు. జీపుల ఆట మీద, "మూలమలుపు కాడ బండి మాట ఇనది గని తప్పు మనదే. ఓపికున్నోనికి మస్తుంటది. ఎనిమిది." దయ్యాల బంగళా ఆటకు, "బొమ్మలు జబర్దస్త్, కత లేదు. దయ్యానికి గూడ నిద్రొస్తది. నాలుగు." చదివి నేను పగలబడి నవ్వేవాణ్ని. ఆట తెలియని నాకు కూడా ఆ ఆట ఎలాంటిదో కళ్లకు కట్టేది. వాడంటే నాకు గర్వంగా ఉండేది. నిజం చెప్పాలంటే నా కొడుకు మీద కూడా అంత గర్వపడలేదు.

రెండువేల నాలుగు ఆగస్టులో తాడు ఆట వచ్చింది. ఒక మనిషి కొండల మీద తాడు పట్టుకుని ఇటు నుంచి అటు దూకుతుంటాడు, అంతే. నాకు బాగా గుర్తు, అన్వేష్ మూడు రోజులు కుస్తీ పట్టి, రిమోట్ విసిరికొట్టి రాశాడు: "దూకమంటే దూకడు. బటన్ ఒత్తంగ ఒత్తంగ ఒక్కపారి ఇంటడు. చేసినోనికి సోయి లేదు. రెండు."

వాడు రెండంటే రెండే. నేను సికింద్రాబాద్ వెళ్లి డిస్కులమ్మేవాడితో తగాదా పెట్టుకున్నాను, నలుగురిలో దులిపేశాను. రిమోట్ కూడా కొత్తది కొన్నాను, దాంతో ఆడినా వాడిది రెండే.

వారం తిరక్కుండా మా కాలనీ కుర్రాడు దీక్షిత్ వచ్చి మంచి డిస్కులేవీ ఖాళీ లేవని అదే పెట్టుకుని కూర్చున్నాడు. నాలుగు రోజుల్లో ఆట చివరిదాకా ఆడేశాడు.

"అంకుల్, ఇది సూపర్ గేమండీ. బటన్ ఇలా ముట్టుకుంటే అలా దూకేస్తున్నాడు. దీనికి రెండేంటి?" అన్నాడు.

"ఊరుకో. నీకు తెలుసా, వాడికి తెలుసా? ఈ మాట ఎక్కడా అనకు," అని గదిమాను. అన్వేష్ మార్కులు తప్పని బయటపడితే ఇంక మా కాగితాలను ఎవడు నమ్ముతాడు? అందుకే వాడికీ చెప్పలేదు. డిస్కు తీసి అడుగున పడేశాను.

ఆ తర్వాత వాడి మార్కుల తీరే మారిపోయింది. గుద్దులాటల ఆటకు మూడు. బైకుల ఆటకు రెండున్నర, "రేస్ ఇచ్చుడే తెల్వది బండికి." ఊరు కట్టే ఆటకు మాత్రం తొమ్మిది. చదరంగానికి తొమ్మిది. ఒకప్పుడు వాటిని ముసలోళ్ల ఆటలని వెక్కిరించినవాడే. పిల్లలు వాడి వెనక నవ్వుకుంటుంటే నేను కసిరేవాణ్ని. వాడి అభిరుచి పండింది, మీ కోతిగంతులకు అర్థం కాదు అనేవాణ్ని. అలా అన్నందుకు నా నాలుక కోసుకోవాలి.

ఎందుకంటే నేను చూశాను. ఏసీ వేస్తే, "వేళ్లు కొంకర్లు వోతున్నయ్ సార్, జర బంద్ జెయ్యిరి," అనేవాడు. మిగతావాళ్లు చెమటలు కక్కుతుండేవాళ్లు. చాయ్ గ్లాసు ఎడమ చేత్తో అందుకునేవాడు. కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ కండ గుంటపడింది. తిండి సరిగా తినడం లేదనుకుని రెండు సమోసాలు ఎక్కువ తెప్పించాను. నా తెలివి అంతవరకే పనిచేసింది.

రెండువేల ఆరు ఏప్రిల్‌లో ఒకరోజు యాదగిరి మెట్లెక్కి వచ్చాడు, వెనక అన్వేష్. ఆ పొద్దున మేడ్చల్‌లో భూమి రిజిస్ట్రేషన్. కొడుకు పేరున ఉన్న ముక్క. సంతకం పెట్టమంటే వాడి చేతిలోంచి పెన్ను జారిపడింది. మళ్లీ పట్టాడు, మళ్లీ పడింది. కొనేవాళ్ల ముందు, సాక్షుల ముందు వేలిముద్ర వేయించి పని ముగించారు.

"డిగ్రీ సదివినోడు ఏలిముద్ర ఏసిండు రాజారావు సారూ. నీ గేములాడి ఆడి నా కొడుకు చెయ్యి ఖరాబైంది. ఇగ దవాఖానకు వోతున్నం, నువ్వు గూడ రావాలె. డాక్టర్‌కు నువ్వే జెప్పాలె ఏమాడిపిచ్చినవో," అన్నాడు.

షాపు మూసి వాళ్ల జీపెక్కాను.

నరాల డాక్టరు వాడి చెయ్యి తిప్పి చూశాడు, వేళ్లు చాపమన్నాడు. అవి పూర్తిగా తెరుచుకోలేదు. రెండు రోజులు పరీక్షలు చేయించి మళ్లీ కూర్చోబెట్టాడు. ఇది ఆటల వల్ల రాలేదన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది, ఒక్క క్షణమే. మెడ వంచినప్పుడల్లా లోపల వెన్నుపాము నలుగుతోందట. వయసు కుర్రాళ్లకే వస్తుందట. నొప్పి ఉండదు, అందుకే ఎవరూ పట్టించుకోరట.

"ఎప్పుడు మొదలైంది? అది తెలియాలి నాకు."

"మొన్న సలికాలం సార్. నాలుగైదు నెలలు," అన్నాడు అన్వేష్.

యాదగిరి తలూపాడు. నేను నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ అట్టల వెనక తారీఖులన్నీ నా కళ్ల ముందు వరసగా నిలబడ్డాయి.

"కాదండీ. ఏణ్నర్ధం దాటింది. రెండువేల నాలుగు ఆగస్టు," అన్నాను.

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "అప్పుడే తీసుకొచ్చి ఉంటే మెడకు పట్టీ వేసి ఆపడానికి మంచి అవకాశం ఉండేది. ఇప్పుడు వేసినా ఇంకా చెడకుండా చూడటానికే. పోయిన కండ తిరిగి రాదు."

యాదగిరి నా వైపు తిరిగాడు. "ఆగస్టని నీకెట్ల ఎర్క సారూ?"

చెప్పాను. తాడు ఆట గురించి, రెండు మార్కుల గురించి, ఏసీ, చాయ్ గ్లాసు, గుంటపడిన కండ, అన్నీ చెప్పాను. అన్వేష్ ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని వింటున్నాడు.

"గా గేమ్ ఇంకెవలన్న ఆడిన్రా సార్?" అన్నాడు మెల్లగా.

"దీక్షిత్ ఆడాడు. చివరిదాకా."

"ఎప్పుడు?"

"నువ్వు రాసిన వారానికే."

"అటెన్క?"

"బాగుందన్నాడు. బటన్ ముట్టుకుంటే దూకుతున్నాడన్నాడు."

"మరి నాకెందుకు జెప్పలే?"

"షాపు పరువు పోతుందనుకున్నానురా," అన్నాను. అబద్ధమాడటానికి కూడా నోరు రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

వాడికి కోపం రాలేదు. వస్తే బాగుండేది. ఆ ఆటకు మార్కులు మళ్లీ లెక్కవేస్తున్నట్టు కుడిచేతి వేళ్ల వైపు చూసుకున్నాడు.

"గేమ్ మంచిగున్నదని అప్పుడే జెప్పుంటే, ఖరాబున్నది నా చెయ్యేనని గా దినమే ఎర్కయ్యేది సార్," అన్నాడు.