తడి గోడ

జేసీబీ తొండం తగలగానే యాకమ్మ కట్టుకుంటున్న మట్టిగోడ ధడాలున కూలింది. దేవరుప్పుల దగ్గరి ఆ వాడ జనమంతా చూస్తుండగానే కూలింది. ఎదురుగా భూపాల్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సర్కారు ఇండ్ల కాంట్రాక్టు అతనిదే, సిమెంటు ఇటుకల ఫ్యాక్టరీ కూడా అతనిదే.

“పగిలిన గోడ పనికిరాదని ఇంజనీరు సారే చెప్పిండు. రేపు మీద పడి సస్తే పూచీ ఎవనిది? నా ఇటుకలతోని కట్టు, అప్పుడొస్తది సర్కారు బిల్లు,” అన్నాడు.

గోడ పగిలిన మాట నిజమే. కింది వరుస ఎండాకే పై వరుస పెట్టాలని చిన్ననాటి నుంచి తెలిసిన యాకమ్మ, వానలకు జడిసి ఒకే రోజు రెండు వరుసలు లేపింది. ఆ తొందరే భూపాల్‌కు సాకయింది.

సాయంత్రం వాడంతా కూడింది.

“ఇంకా మట్టిండ్లేంది? స్లాబులు పెద్దోళ్ళకేనా?” అని వాడలోని కుర్రాడు ఐలేశ్ లేచాడు. అతని కోపం ఉత్తది కాదు, తరాల అవమానం అది.

“స్లాబ్ ఏసిన సోమనర్సయ్య ఎండకాలమంత వాకిట్లనే పండిండు, లోపల కుమ్ములెక్క ఉడుకు,” అంది మేస్త్రీ పద్మలత. “ఎసొంటి ఇల్లు గావాల్నో మనం జెప్పాలె. భూపాల్ జెప్పుడేంది?”

యాకమ్మ లేచి నిలబడింది. “తప్పు నాది, మట్టిది గాదు. ఒక్కదాన్నే గద బిడ్డా, భయపడ్డ.”

ఐలేశ్‌కు సిగ్గేసింది. ఒక్క మనిషీ ఆమెకు సాయం పోలేదు మరి.

మర్నాడు కూలిన గడ్డల మీద నీళ్ళు పోసి, వరిగడ్డి చల్లి, అందరూ దిగి తొక్కారు. సిమెంటు గోడ కూలితే పారబోయాల్సిందే. మట్టి మళ్ళీ గోడవుతుంది. ముందుగా దిగినవాడు ఐలేశే.

తొలి వరుస లేచేసరికి భూపాల్ ఫిర్యాదు మీద పోలీసు జీపు వచ్చింది.

“ఎవరు మొదలుపెట్టిన్రు?” అన్నాడు ఎస్సై.

“నేను,” అంది యాకమ్మ.

“నేను సుత,” అన్నాడు ఐలేశ్. మోకాళ్ళదాకా మట్టితో ఉన్న వాళ్ళంతా అదే మాట అన్నారు. ఎస్సై ఆ ఇద్దరినే జీపెక్కించాడు.

మబ్బు చూసి యాకమ్మ జీపులోంచి కేకేసింది. “పద్మా, తాటాకులు కప్పున్రి! ఎండినాకనే రెండో వరుస!”

“ఎండేదాకా ఈడికెల్లి కదలం అవ్వా!”

జేసీబీ మళ్ళీ వచ్చింది. ఆ వరుస చుట్టూ వాడంతా కూర్చుని ఉంది. గోడ ఇంకా తడిగానే ఉంది. ఎవరూ లేవలేదు.