వంద రాళ్లు, వంద గుండీలు

లారీని అంత మెల్లగా నడిపేవాడు మరొకడు లేడని తోటి డ్రైవర్లు అతనికి 'నిదానం' అని పేరు పెట్టారు. పదకొండేళ్లుగా ఒకే ఓనరు, ఒకే లారీ. అలాంటివాణ్ణి పట్టుకుని డీజిల్ అమ్ముకుంటున్నావంటే తల కొట్టేసినట్టు ఉండదూ?

"లీటరుకి నాలుగు కిలోమీటర్లిచ్చే బండి, మూడు నెలలుగా మూడుముప్పావు దాటట్లేదు. మిగతాది ఎవరు తాగుతున్నారయ్యా? ఎల్లుండి నుంచి తాళాలు వేరేవాడికిస్తా" అన్నాడు ఓనరు.

నిదానం ఇంటికొచ్చి జరిగింది చెప్పాడు. భార్య కుట్టుసామాను సర్దుకుంటూ అంతా విన్నది.

"కిలోమీటర్లు ఎలా తెలుస్తాయి మీకు?"

"మీటరు చూస్తామే!"

"మరి మీటరుని ఎవరు చూశారు?"

మర్నాడు పొద్దున్నే ఓనరు ముందు నిలబడిందావిడ. "అన్నయ్యగారూ, ఒక్క పూట మాతో బండెక్కండి. మావారిదే తప్పని తేలితే తాళాలు నేనే తెచ్చిస్తాను."

ఓనరు సరేనన్నాడు. ముగ్గురూ వెళ్లిన పెట్రోలు బంకు గేటు పక్కనే ఒక కిలోమీటరు రాయి ఉంది. ఆవిడ ట్యాంకు మెడదాకా నింపించి, లోపలి గాలి పోయేలా లారీని ఊపించి, మళ్లీ మెడదాకా పోయించింది. తర్వాత ఓనరు ఒళ్లో గుండీల డబ్బా పెట్టింది.

"పెద్దవారు, లెక్క మీ చేతిలోనే ఉండాలి. రాయి దాటినప్పుడల్లా ఒక గుండీ జేబులో వేసుకోండి. ఏవండీ, మీరు నోరు మెదపకండి, అన్నయ్యగారి లెక్క తప్పుతుంది."

యాభై రాళ్లు పోయి, యాభై రాళ్లు వెనక్కి వచ్చారు. ఓనరు జేబులో వంద గుండీలు. మీటరులో మాత్రం తొంభై నాలుగే. అదే పంపు దగ్గర, అదే చోట లారీ ఆపి మెడదాకా నింపితే పాతిక లీటర్లు పట్టింది.

"వందకి పాతిక. బండి నాలుగే ఇస్తోంది అన్నయ్యగారూ. ఆ ఆరు కిలోమీటర్లూ మింగింది మీటరు."

ఓనరు దిగి టైర్ల చుట్టూ తిరిగాడు. చవగ్గా వచ్చాయని మూడు నెలల కిందట పెద్ద సైజు టైర్లు తెచ్చి వేయించింది తనే. పెద్ద చక్రం ఒక్క చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది. పాపం మీటరుకి తెలిసింది చుట్లే.

"అయితే దొంగని నేనేనన్నమాట!" అని నెత్తి కొట్టుకుని, తాళాలు నిదానం చేతిలో పెట్టి ఆ చెయ్యి వదల్లేదు. "ఏమీ అనుకోకయ్యా. చెల్లెమ్మా, నువ్వు కూడా."

"నాదేముంది. గుండీలు మాత్రం లెక్కపెట్టి తీసుకుంటాను" అందావిడ.

ఇల్లు చేరాక నిదానం అడిగాడు, "ఇప్పుడు మాట్లాడొచ్చా?"

"ఊఁ."

చెప్పాలనుకున్న మాటకి బదులు నిదానం డబ్బాలోంచి ఒక గుండీ, సూదీ దారం తీసుకున్నాడు. కుట్టిపెట్టమని నెలరోజులుగా తను ఆవిడ ప్రాణం తీస్తున్న చొక్కాకి తనే కుట్టుకున్నాడు. వంకరగా. ఆవిడ చూసింది గానీ, సరిచెయ్యలేదు.