మంచిగ సూసుకున్నరు

మా అమ్మ సరోజనకు టీవీలో అన్నిటికంటే ఇష్టమైన కార్యక్రమం ‘గడప తగువు’. మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చేది. మొగుడూ పెళ్ళాలు, అత్తాకోడళ్ళు వచ్చి తమ గొడవ చెప్పుకుంటే మధ్యలో కూర్చున్న మేడం విని తీర్పు చెప్పేది. మగ్గాలకు నూలు కండెలు చుట్టడం అమ్మ పని. రాట్నం చప్పుడులో మాటలు వినపడవని సరిగ్గా ఒంటిగంటకు రాట్నం ఆపేసేది. మేడం ఎవరినైనా నిలదీస్తే అమ్మ ముఖం తేటపడేది. “గట్ల అడిగెటోళ్ళు ఒకలుండాలె,” అనేది.

మాది వరంగల్‌లో కొత్తవాడ. మేం బాపు అని పిలిచే నాన్న పేరు గుండయ్య. పదహారో ఏట నుంచి సాంచాల మీద పనిచేశాడు. కరెంటు మగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. ఒక షెడ్డులో ఇరవై సాంచాలు ఒక్కసారి ఆడుతుంటే పక్క మనిషి అరిచినా వినపడదు. అక్కడ పనిచేసేవాళ్ళు సైగలతోనూ, పెదవుల కదలికను బట్టీ మాట్లాడుకుంటారు. ఇంటికొచ్చినా గొంతు తగ్గదు. అందుకే బాపు గట్టిగా మాట్లాడటం మాకెప్పుడూ వింతగా తోచలేదు.

రెండేళ్ళ కిందట ఆయన పనిచేసే షెడ్డు మూతపడింది. బాపు పని కోసం మహారాష్ట్రలోని భీవండి వెళ్ళి ఎనిమిది నెలలు ఉన్నాడు. మొదట్లో రోజూ ఫోన్ చేసేవాడు. పోను పోను వారానికొకసారి చేసి, “అందరు మంచిగున్నరా? నేను మంచిగున్న. పెడ్తాన,” అని మేం నోరు తెరిచేలోపే పెట్టేసేవాడు. మేం చేస్తే ఎత్తేవాడు కాదు. అదే సమయంలో భీవండి నుంచి వచ్చిన కట్టమ్మ అనే ఆమె, బాపు, తోటి పనివాళ్ళు ఉండే గదిలో ఒక ఆడామె వంట చేస్తుందని అమ్మతో అంది. ఆమె అన్నది అంతే. మిగిలింది అమ్మే ఊహించుకుంది.

ఇక్కడ వేరే షెడ్డులో పని దొరికి బాపు తిరిగొచ్చాక ఇంట్లో అదే గొడవ. అమ్మ వంటగదిలో నుంచి, “ఎవలామె? నన్ను జూసి చెప్పు,” అనేది. ముందు గదిలో బాపు మాట్లాడేవాడు కాదు. ఆ మౌనాన్ని అమ్మ ఒప్పుకోలుగా తీసుకుంది. ఒకరోజు టీవీలో కింద కనపడే నంబరుకు ఫోన్ చేసింది. స్రవంతి అనే అమ్మాయి వివరాలన్నీ రాసుకుని, హైదరాబాద్ రమ్మంది.

నేను వద్దన్నానని చెప్పుకోవాలని ఉంది. అనలేదు. అప్పుడు డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాను. స్టూడియో చూడొచ్చని, మేడంను దగ్గర నుంచి చూడొచ్చని నాకూ ఆశగానే ఉంది. “మేడం మాట్లాడి ఇంట్ల గొడవ తీరుస్తదట,” అని బాపు ఎదురుగా నిలబడి చెప్పింది నేనే. బాపు ఒప్పుకున్నాడు. గడ్డం గీసుకుని, పెళ్ళిళ్ళకు తొడిగే తెల్లచొక్కా తొడుక్కున్నాడు.

స్టూడియోలో నన్ను జనంలో మూడో వరుసలో కూర్చోబెట్టారు. అమ్మ ఏడుస్తూ చెప్పుకుంది. మేడం వింటూ రెండుసార్లు కళ్ళు తుడుచుకుంది. తర్వాత బాపు వైపు తిరిగి మైకు నోటికి ఆనించుకుని అడిగింది.

“భీవండిలో ఇంకో ఆడదానితో ఉన్నావా, లేదా? సూటిగా చెప్పు.”

“ఉన్న మేడం,” అన్నాడు బాపు. “ఎనిమిది నెలలున్న. మంచిగ సూసుకున్నరు.”

జనం గొల్లున నవ్వారు. మేడం, “చెప్పడానికి సిగ్గుగా లేదూ?” అంది. బాపు చిన్నగా నవ్వి తలూపాడు. “అవును మేడం,” అన్నాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. భార్య కాళ్ళు పట్టుకుని క్షమాపణ అడగాలని మేడం తీర్పు చెప్పింది. పక్కనున్న మనిషి చేత్తో చూపించగానే బాపు లేచి వంగి అమ్మ కాళ్ళు పట్టుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొట్టకపోతే ఎవరైనా చూస్తారనిపించింది.

ఆ తర్వాత మూడు వారాలు ఇంట్లో గొడవ లేదు. “తప్పొప్పుకున్నడు. నాకు గది చాలు,” అంది అమ్మ. బాపు తన మానాన తను పనికి పోయి వచ్చేవాడు. ఇద్దరూ ఒకే కంచంలో తిన్న రోజు కూడా ఉంది.

నాలుగో వారం కార్యక్రమం ప్రసారమైంది. రెండు రోజుల్లో బాపు మాటలు ముక్కగా కత్తిరించి, వెనక డప్పు పాట కలిపి ఎవరో ఫోన్లలోకి వదిలారు. హాస్టల్ తిండి మీద, పెళ్ళి భోజనాల మీద, పోలీస్ స్టేషన్ల మీద, దేనికి పడితే దానికి అదే అతికించారు. “మంచిగ సూసుకున్నరు” అన్న మాట ఆటోల వెనక రాయించుకున్నవాళ్ళూ ఉన్నారు. మా క్లాసు వాట్సాప్ గ్రూపులో పవన్ అనే అబ్బాయి బాపు ముఖాన్ని స్టిక్కర్ చేసి పెట్టాడు. పరీక్ష ఎలా రాశావని ఎవరైనా అడిగితే జవాబుగా బాపు ముఖం వచ్చేది. ఆయన మా బాపని అక్కడెవరికీ తెలియదు. తెలియకూడదని నేనూ కింద ఒక నవ్వు బొమ్మ పెట్టాను. అంతకుముందు ఇలాంటివి నేనెన్ని పంపలేదు! ఏడుస్తున్న ఒక ముసలమ్మ స్టిక్కర్ ఏడాది పాటు వాడాను. ఆమెది ఏ ఊరో, ఎందుకేడ్చిందో ఒక్కసారీ ఆలోచించలేదు.

ఆ రోజుల్లోనే బాపు ఒకసారి అన్నం తింటూ అన్నాడు. “టీవీల వచ్చినప్పటి సంది అందరు నవ్వుకుంట పలుకరిస్తాండ్రు బిడ్డా.”

ఆ మాట నా మనసులో ఇరుక్కుంది. మర్నాడు కాలేజీలో ఖాళీ గదిలో కూర్చుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఆ వీడియోను మళ్ళీ మళ్ళీ చూశాను. బాపు మేడం కళ్ళలోకి కాదు, నోటి వైపు చూస్తున్నాడు. నోటికి మైకు అడ్డం ఉంది. ఆయన మెడ కొద్దిగా చాచి, మైకు పక్క నుంచి చూడబోయి, ఆగిపోయాడు.

ఇంటికొచ్చి బాపు వెనక నిలబడి పిలిచాను. పలకలేదు. ఇంకా గట్టిగా పిలిచాను. ముందుకొచ్చి నిలబడితే నవ్వి, “ఎప్పుడొచ్చినవ్?” అన్నాడు.

“బాపూ, టీవీల మేడం నిన్నేమడిగిందో యాదికున్నదా?”

“భీవండిల ఉన్నవా అని అడిగింది. ఇంకేందున్నది?”

“నీకు ఎప్పటి సంది ఇనబడ్తలేదు?”

గుమ్మం దగ్గర ఎవరూ లేరని చూసుకున్నాడు. “మూడు నాలుగేండ్లయింది. భీవండి పోయినంక ఫోన్ల గరగర తప్ప ఏం ఇనబడకపోయేది. అందుకే నేను జెప్పేది జెప్పి పెట్టేద్దును. ఎవలకు చెప్పకు బిడ్డా. చెవుడని తెలిస్తే సాంచా మీదికి రానియ్యరు.”

నేను అమ్మకు చెప్పాను. ఆమె చేతిలో కండె అలాగే ఉంది.

“మరి నా కాళ్ళెందుకు పట్టుకున్నడు?”

“పట్టుకోమని ఆ మనిషి సైగ చేసిండు గదమ్మా.”

అమ్మ ఆ రోజు అన్నం వండలేదు. తెల్లారి స్రవంతికి ఫోన్ చేసి, వీడియో తీసేయమని బతిమాలింది. అది తమ చేతుల్లో లేదని ఆమె చెప్పింది. చెవుడు సంగతి వినగానే గొంతు మారింది. “మళ్ళీ రండమ్మా. స్టేజీ మీదే చెవికి మిషన్ పెడదాం. ఆయన మొదటిసారి మీ మాట వినేది షూట్ చేద్దాం. చాలా ఎమోషనల్‌గా ఉంటుంది,” అంది. అమ్మ ఫోన్ నా చేతికిచ్చి బయటికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మా ఇంట్లో ఒంటిగంటకు రాట్నం ఆగలేదు.

బాపును దవాఖానకు తీసుకెళ్ళాను. రెండు చెవులూ చాలావరకు పోయాయన్నారు. క్యాంపులో పేరు రాయిస్తే రెండు నెలలకు చెవి మిషన్ వచ్చింది. పెట్టుకున్న మొదటి సాయంత్రం బాపు ఇల్లంతా తిరిగాడు. ఫ్యాను చప్పుడు, కుక్కర్ విజిల్, పక్కింటి పాప ఏడుపు. అమ్మ ఏదో అంటే ఆగి ఆమె వైపు చూశాడు. “నీ గొంతు జర మారింది సరోజనా,” అన్నాడు. అమ్మ ముఖం తిప్పుకుంది.

వీడియో సంగతి ఆయనకు చెప్పాల్సింది. రేపు చెబుదాం అనుకుంటూ రెండు రోజులు గడిపేశాం. మూడో రోజు బాపు మిషన్ పెట్టుకునే చాయ్ తాగడానికి చౌరస్తాకు పోయాడు. ఎప్పుడూ నవ్వుతూ పలకరించేవాళ్ళే అక్కడ ఉన్నారు. ఒకతను, “ఏం మామా, మంచిగ సూసుకున్నరా?” అన్నాడట. పక్కవాడు, “గా ఆడామె ఎట్లున్నదే?” అన్నాడట. బాపుతో పనిచేసే యాకయ్య వాళ్ళను గదిమి, వీడియో సంగతి చెప్పి, బాపును ఇంటిదాకా తీసుకొచ్చాడు.

బాపు లోపలికి వచ్చి కూర్చున్నాడు. “అది నాకు జూపెట్టు,” అన్నాడు.

ఏది అని నేను అడగలేదు. వీడియో పెట్టాను. ఆయన ఫోన్‌ను చెవి దగ్గర పెట్టుకుని మేడం ప్రశ్న మొదటిసారి విన్నాడు. మళ్ళీ పెట్టమన్నాడు. మూడోసారి ఆ ప్రశ్న అయిపోగానే ఆపమన్నాడు.

“గిదా ఆమె అడిగింది?”

“ఆ.”

“ఎంతమంది జూసిన్రు?”

“చానమంది బాపూ.”

“మీ కాలేజీల?”

“చూసిన్రు.”

“నువ్వేమన్నవ్ వాళ్ళను?”

“ఏమనలే,” అన్నాను. నా నవ్వు బొమ్మ సంగతి ఇప్పటికీ ఆయనకు తెలియదు.

వంటగది గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. బాపు ఆమెను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఆ రాత్రి నుంచి ఆయన ఇంట్లో మనుషుల ముఖాల వైపు చూడటం మానేశాడు. చూడకపోతే ఎదుటివాళ్ళ పెదవులు కనపడవు. మిషన్ కూడా పెట్టుకోలేదు కాబట్టి మేమేమన్నా ఆయనకు చేరేది కాదు. పది రోజుల తర్వాత బట్టలు సంచిలో సర్దుకున్నాడు.

“భీవండికా?” అని అడిగాను, ఎదురుగా వెళ్ళి నిలబడి.

“భీవండిల అందరు మనోళ్ళే. ఆడ ఇంకెక్కువ జూసుంటరు. మాలేగావ్ పోతాన. ఆడ కూడ సాంచాలున్నయట. తెలుగు సమజయ్యేటోళ్ళు ఎక్కువ ఉండరట.”

వెళ్ళి పదకొండు నెలలైంది. ఫోన్ చేయడు. నెలకొకసారి యాకయ్య కొడుకు ఫోన్‌కు ‘బాగున్న’ అని రాసి పంపుతాడు. నేను డిగ్రీ పూర్తి చేశాను. ఆ వీడియోను జనం మర్చిపోయారు. ఇప్పుడు వేరే ఎవరిదో ముఖం తిరుగుతోంది. నేను తెరిచి చూడను.

పోయిన నెల అమ్మ ఒక్కతే రైలెక్కి మాలేగావ్ వెళ్ళింది. మన్మాడ్‌లో దిగి బస్సు పట్టుకుందట. హిందీ నాలుగు ముక్కలు కూడా రాని మనిషి ఎలా వెళ్ళిందో తెలియదు. ఆరో రోజు తిరిగొచ్చింది. కాళ్ళు కడుక్కుని కూర్చున్నాక అడిగాను.

“ఏమన్నడు?”

“ఏమనలే. అన్నం వండి పెట్టిండు. నాకు మంచమిచ్చి తను కింద పన్నడు. మన్మాడు దాంక వచ్చి రైలెక్కిచ్చిండు.”

“నువ్వేమన్న అడిగినవా?”

“తప్పయింది, ఇంటికి రా అన్న. చెవికి మిషన్ ఉన్నది. అయినా ఇన్నడో లేదో అని మళ్ళ అడిగిన. ‘ఇన్న’ అన్నడు.”

“తర్వాత?”

“తర్వాత రైలు కదిలింది.”

అమ్మ లేచి, మూల నుంచి రాట్నం ముందుకు జరుపుకుంది. తను లేని ఆరు రోజుల నూలు అలాగే గంపలో ఉంది. సాయంత్రానికల్లా కండెలన్నీ షెడ్డుకు పంపాలి.